తలదెబ్బతో ఆట ఆగిపోయిందా? మళ్లీ బతుకు మీద ఇష్టం తెచ్చుకోవడం ఎలా

"అన్నా, డాక్టర్ ఇంక ఆడొద్దన్నాడు, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఈ ఒక్క ప్రశ్న ఈ రెండేళ్లలో నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. కబడ్డీ వాళ్లు, క్రికెట్ వాళ్లు, ఒక బాక్సింగ్ అబ్బాయి, హాకీ ఆడే ఇద్దరమ్మాయిలు. కొందరి తరఫున వాళ్ల అమ్మలే ఫోన్ చేశారు. అందరికీ గంటగంటసేపు అదే చెప్తున్నా కాబట్టి ఈసారి వరసగా రాసి పెడుతున్నా.

నేను 11 ఏళ్లు కబడ్డీ ఆడా, రైడర్ని, అంటే కూతకెళ్లేవాణ్ని. తలకి మూడుసార్లు గట్టిగా తగిలింది. మూడోది సంక్రాంతి టోర్నమెంట్‌లో, ఫ్లడ్‌లైట్ల కింద, కూతకెళ్లి బోనస్ తీసుకుని వెనక్కి తిరుగుతుంటే నన్ను పట్టడానికి కవర్‌లో కాచుకుని ఉన్నతని మోకాలు నా కుడి కణతకి తగిలింది. పడిపోలేదు, లేచి నిలబడ్డా, సెకండాఫ్ మొత్తం ఆడానంట, 4 పాయింట్లు కూడా తెచ్చానంట. ఆ 20 నిమిషాల్లో ఒక్క కూత కూడా నాకు గుర్తులేదు, ఇప్పటికీ లేదు. తర్వాత ఏడు నెలలు ట్యూబ్‌లైట్ వెలుతురు పడేది కాదు, మా అమ్మ మిక్సీ వేస్తే వాంతొచ్చేది, స్కాన్ చూసినవాళ్లేమో "అంతా నార్మల్, ఏం లేదు" అన్నారు. ఆఖరికి ఒక న్యూరాలజిస్ట్ నిదానంగా కూర్చోబెట్టి, ఇంకో దెబ్బ తినే ఆట ఏదీ వద్దు అని చెప్పారు. అప్పటికి నాకు 26.

నేను చెప్పదల్చుకుంది అసలు ఒక్కటే. ఆట పోయింది అనుకుంటాం గానీ, ఆటతో పాటు ఐదారు వేర్వేరు సంగతులు పోతాయి. అన్నిటికీ కలిపి ఒకే బదులు వెతికితే దొరకదు, ఒక్కొక్కదానికి విడివిడిగా వెతకాలి. కింద రాసిందంతా దీనికోసమే.

ముందు ఇది చదవండి

దెబ్బ తగిలి ఇంకా గంటలో రోజులో అయ్యుంటే ఇది చదువుతూ కూర్చోకండి. తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదే పదే వాంతులు, ఫిట్స్, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒక కంటిపాప పెద్దదవడం, లేపినా సరిగా లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకోటి. తలదెబ్బ తర్వాత మనసు కుంగడం దెబ్బలో భాగమే, అది మీ పిరికితనం కాదు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే 14416కి చెయ్యండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు తీస్తారు. ముందు ఆ ఫోన్ చేసి ఇంట్లో ఒకరికి చెప్పాకే మిగతాది చదవండి.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో నోట్స్ వద్దు, స్క్రీన్ వెలుతురుతో తలనొప్పి వస్తుంది, పైగా నోట్స్ కోసం తెరిచి రీల్స్‌లోకి పోతాం.

వంటింట్లో వాడే చిన్న టైమర్, లేదా పాత అలారం గడియారం.

డాక్టర్ రాసిచ్చిన కాగితాలన్నీ ఒక ఫైల్లో. మీ ఆట సర్టిఫికెట్లన్నీ ఇంకో ఫైల్లో, ఎంత కోపంలో ఉన్నా వాటిని చింపొద్దు, ఎందుకో 7లో చెప్తా.

ఇంట్లో ఒక మనిషి. అమ్మో, అన్నో, పెళ్లయితే భార్యో భర్తో. రోజుకి పది నిమిషాలు మీరు చెప్పేది మధ్యలో సలహా ఇవ్వకుండా వినగలిగే మనిషి. నాకు మా అమ్మకన్నా మా మేనమామ పనికొచ్చాడు, ఆయన మాట తక్కువ.

ఇక టైం. కనీసం ఆరు నెలలు. వారంలో తేల్చేద్దాం అని మొదలుపెట్టినవాళ్లు రెండో వారానికి ఇంకా దిగాలుపడిపోవడం చూశా.

1. ముందు సంగతి తేల్చుకోండి: ఇప్పటికా, ఎప్పటికీనా

సగం మంది ఇక్కడే వేలాడుతుంటారు. డాక్టర్ "కొన్నాళ్లు ఆపు" అంటే మనం "మొత్తం పోయింది" అని వింటాం, "ఇంక వద్దు" అంటే "చూద్దాంలే" అని వింటాం. న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్లి, వీలైతే ఇంట్లోవాళ్లని పక్కన పెట్టుకుని, ఈ నాలుగూ అడిగి జవాబులు అక్కడే రాసుకోండి:

నేను మళ్లీ దెబ్బలు తగిలే ఆట ఆడొచ్చా, ఆడకూడదా, మధ్యరకం మాట వద్దు.
దెబ్బలు తగలని వ్యాయామం ఏది, ఎంతసేపు?
బైక్ ఎప్పటినుంచి నడపొచ్చు?
ఈ తలనొప్పి, నిద్ర, కోపం తగ్గడానికి ఇంకెవరికి చూపించుకోవాలి? మెడకి ఫిజియో, కళ్లు తిరగడానికి వేరే ఎక్సర్‌సైజులు, మనసుకి కౌన్సెలర్, ఇలా వేర్వేరు ఉంటాయి.

స్కాన్ నార్మల్ వచ్చింది కదా అని ఎవరైనా అంటే కంగారుపడకండి. సీటీ స్కాన్‌లో కనపడేది రక్తస్రావం, ఎముక చిట్లడం లాంటివి. కంకషన్‌లో, అంటే తలదెబ్బకి మెదడు అదిరినప్పుడు, మెదడు పని చేసే తీరు దెబ్బతింటుంది, అది మామూలు స్కాన్‌లో కనపడదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ అవుతుంది. సిద్ధాంతం ఇంతవరకే, ఇది చాలు.

తప్పు: ఈ ప్రశ్నలు టీమ్‌లో సీనియర్‌ని అడగడం. నన్నొక సీనియర్ "నాకూ ఐదుసార్లు తగిలింది, ఏమైంది, బానే ఉన్నాగా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ ఆయన తల వేరు, నా తల వేరు.

2. తల కుదుటపడేదాకా పెద్ద నిర్ణయాలు వద్దు

మొదటి ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా కదలాలి. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది ఇదే. నెలల తరబడి చీకటి గదిలో పడుకోవడం మంచిది కాదు, నేను ఆరు వారాలు అలాగే పడుకున్నా, తల బాగుపడలేదు సరికదా మనసు కూడా పాడైంది.

ఎంత కదలాలో తెలుసుకునే పద్ధతి: పని మొదలుపెట్టేముందు మీ తలనొప్పికి 10కి ఎన్ని మార్కులో వేసుకోండి. టైమర్ 10 నిమిషాలకి పెట్టి నడవండి, లేదా చదవండి, లేదా కూరగాయలు తరగండి. మోగాక మళ్లీ మార్కులు వెయ్యండి. రెండు మార్కుల లోపు పెరిగి గంటలోపు మామూలుకొస్తే పర్లేదు, రేపు కూడా అంతే చెయ్యండి, ఎల్లుండి 12 నిమిషాలు. రెండు దాటిందా, అక్కడితో ఆపెయ్యండి, రేపు సగానికి తగ్గించండి. అంకెలు డాక్టర్ మీకు వేరేగా చెప్పుంటే ఆయన చెప్పిందే.

బాగున్న రోజు రెచ్చిపోయి నాలుగు రోజుల పని చెయ్యడం, తర్వాత మూడు రోజులు మంచం మీద పడటం, ఆటగాళ్లందరం చేసే తప్పు ఇది. మనకి చిన్నప్పట్నుంచి నొప్పిని తొక్కిపెట్టి ఆడటమే నేర్పారు. కాలు బెణికితే అది పనికొచ్చిందేమో, తలకి పనికిరాదు.

పెయిన్‌కిల్లర్ రోజూ వేసుకోకండి. వారానికి రెండు మూడు రోజులు మించి వాడాల్సొస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, ఎక్కువైతే ఆ మాత్రల వల్లే తలనొప్పి తిరగబెడుతుంది. మద్యం తాగడం అస్సలు వద్దు.

ఈ టైంలో ఉద్యోగం మానెయ్యడం, చదువు ఆపెయ్యడం, పెళ్లి ఒప్పుకోవడం, ఊరు వదిలెళ్లడం, ఏదీ తేల్చొద్దు.

3. నలుగురికీ చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకోండి

బయట గాయం కనపడదు. కట్టు లేదు, కుట్లు లేవు. "పైకి బానే ఉన్నావుగా, మళ్లీ ఎప్పుడు దిగుతున్నావ్?" ఈ ప్రశ్న టీ కొట్టు దగ్గర, పెళ్లిళ్లలో, బస్టాండ్‌లో మీకు కనీసం వందసార్లు ఎదురవుద్ది. ప్రతిసారీ కథంతా చెప్తే మీకే మళ్లీ మళ్లీ గుచ్చుకుంటుంది. రెండు వాక్యాలు రాసి పెట్టుకుని బట్టీ పట్టండి.

నాది ఇది: "తలకి దెబ్బలు ఎక్కువయ్యాయి, డాక్టర్ ఇంక ఆడొద్దన్నారు. ఆట అయిపోయింది, నేను బానే ఉన్నా." అంతే. ఆ తర్వాత వాళ్ల పిల్లల గురించి అడిగేవాణ్ని, మాట అటు మళ్లేది.

ఇంట్లోవాళ్లకి మాత్రం ఇంకొంచెం విడమర్చి చెప్పాలి. చిన్నదానికే కసురుతున్నా అంటే అది వాళ్ల మీద కోపం కాదని, తల అలిసిపోయిన గుర్తు అని ముందే చెప్పండి. మా ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నాం, నేను తలకి తువ్వాలు కట్టుకుంటే అరగంట ఎవరూ పలకరించరు. సీరియల్ సౌండ్ కూడా తగ్గించేవాళ్లు.

4. ఏడవాల్సింది ఏడవండి

దీన్ని దాటేసి "పాజిటివ్‌గా ఉండాలి" అని ముందుకి ఉరికినవాళ్లని చూశా, ఆరు నెలల తర్వాత ఎక్కడో ఒకచోట కూలబడతారు. మనిషి పోతే 11 రోజులు కర్మ చేస్తాం, చుట్టాలొస్తారు, ఏడుస్తారు, భోజనాలు పెడతారు. ఆట పోతే ఎవరూ రారు. అందుకని మనమే ఏదో ఒకటి చేసుకోవాలి.

నేను చేసింది: నా బ్యాగ్ నాలుగు నెలలు మంచం కింద అలాగే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీశా. ఎడమ మోకాలి క్యాప్‌కి ఆ రోజు మట్టి ఇంకా అంటుకునే ఉంది, ఎండి పెచ్చులు పెచ్చులుగా. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే చెమట, బామ్, గ్రౌండ్ తడిపిన వాసన, అన్నీ కలిసి వచ్చాయి. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. తర్వాత జెర్సీ ఉతికి మడిచి బీరువాలో పెట్టా, బూట్లు మా వీధిలో ఆడే కుర్రాడికిచ్చా, మోకాలి క్యాప్ మాత్రం ఉతక్కుండా అలాగే దాచుకున్నా.

మీరు కూడా ఇలాగే చెయ్యాలని లేదు. కొందరు ఎవరూ లేని వేళ గ్రౌండ్‌కెళ్లి గీత ముట్టుకుని వస్తారు. ఒక హాకీ అమ్మాయి తన కోచ్‌కి ఉత్తరం రాసింది, పోస్ట్ చెయ్యలేదు. ఏదైనా సరే గానీ కోపంలో కిట్ తగలబెట్టడం, మెడల్స్ పారేయడం మాత్రం చెయ్యకండి, తర్వాత తెచ్చుకోలేం.

బ్రియానా స్కరీ అని అమెరికా మహిళల ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఉంది, 1999 వరల్డ్ కప్ ఫైనల్‌లో పెనాల్టీ ఆపింది. 2010లో ఒక మ్యాచ్‌లో ఎదుటి అమ్మాయి మోకాలు తలకి తగిలి ఆమె ఆట అక్కడితో ఆగిపోయింది. ఆ తలనొప్పుల్లో, అప్పుల్లో ఆఖరికి ఒలింపిక్ బంగారు పతకాలు తాకట్టు పెట్టాల్సొచ్చింది. తర్వాత వైద్యం కుదిరి, పతకాలు విడిపించుకుని, ఇప్పుడు తలదెబ్బల గురించే ఊరూరా మాట్లాడుతుంది. మోకాలు తగలడం నాకూ అంతే కాబట్టి ఆమె సంగతి తెలిసిన రోజు నాకు ఎవరో తోడున్నట్టు అనిపించింది.

5. ఆటని విడదీసి రాయండి

ఇదే అసలు పని. ఒక ఆదివారం పొద్దున తల తేలిగ్గా ఉన్నప్పుడు కూర్చుని "ఆట నాకు ఏమేం ఇచ్చింది" అని రాయండి. "అంతా" అని రాయకూడదు. చేత్తో ముట్టుకునేంత వివరంగా రాయాలి. నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా:

సాయంత్రం 5.30. ఎక్కడికో వెళ్లాలి అనే తొందర.
చెమట. ఒళ్లు అలిసి పడుకోగానే నిద్ర.
ఏడుగురం. పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడటం.
నిన్నటికంటే ఇవాళ ఎంత అనే లెక్క.
కూతకెళ్లినప్పుడు ఆ 30 సెకన్లు. నా గొంతు తప్ప ఇంకేం వినపడదు.
ఊళ్లో నా పేరు.

ఇలా రాశాక నాకు ఒకటి అర్థమైంది, డాక్టర్ వద్దన్నది నిజానికి ఒక్కటే, తలకి తగిలే ఆ కుమ్ములాట, అది ఈ ఆరింటిలో అసలు లేనే లేదు. మీ లిస్టులో వేరేవి ఉంటాయి. క్రికెటర్ అయితే ఎండలో రోజంతా నిలబడే ఓపిక, బాక్సర్ అయితే ఒంటరిగా ఎదుర్కొనే ధైర్యం, ఊరూరా బస్సుల్లో తిరగడం కూడా రాసిన అమ్మాయి ఉంది. రాయడం రాకపోతే ఇంట్లో ఆ ఒక్క మనిషికి చెప్పండి, వాళ్లు రాస్తారు.

తప్పు: "డబ్బు, పేరు" అని రెండు ముక్కలు రాసి మూసెయ్యడం. కనీసం ఐదు రావాలి.

6. ఒక్కొక్కటి విడివిడిగా నింపండి

అన్నీ ఒకేసారి వద్దు. నెలకి ఒకటి. వరస కూడా చెప్తా.

ముందు ఆ సాయంత్రం వేళ. రోజులో అన్నిటికంటే ప్రమాదం ఆ గంటే, 5.30 అయ్యేసరికి కాళ్లు వాటంతటవే గుమ్మం దాకా వెళ్తాయి. ఆ గంటకి ఏదో ఒక పని కట్టెయ్యండి, గొప్పది కానక్కర్లేదు. నేను మా మేనమామ షాపుకెళ్లి కూర్చునేవాణ్ని. ఇంకో అబ్బాయి ఆ వేళకి చెల్లెల్ని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే పని పెట్టుకున్నాడు. గ్రౌండ్ పక్క దారి మాత్రం మొదటి మూడు నెలలు మానండి, దూరమైనా వేరే దారిలో పోండి, కూత వినపడితే గుండె పట్టేస్తుంది.

తర్వాత ఒళ్లు. నడక, నిలబెట్టిన సైకిల్ తొక్కడం, డాక్టర్ ఒప్పుకుంటే తేలిక బరువులు. తల కిందికి వంచే ఆసనాలు, శీర్షాసనం, ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం వద్దు. కళ్లు తిరుగుతున్నన్నాళ్లు చెరువులో బావిలో ఈత వద్దు, ఒంటరిగా అసలే వద్దు. తేలిగ్గా ఆడుకుందాం రా అని ఫ్రెండ్స్ పిలిచే "టచ్ కబడ్డీ"కి కూడా నేను వెళ్లను, మన ఒళ్లు తేలిగ్గా ఆడటం ఎరగదు.

మనుషులు. టీమ్ వాళ్లని గ్రౌండ్‌లో కలవకండి, ఇంటికి పిలవండి, ఒకేసారి ఏడుగురు కాదు, ఒక్కరినో ఇద్దర్నో. నేను నోరు తెరిచి చెప్పేదాకా వాళ్లు రాలేదు, ఏం మాట్లాడాలో తెలీక రాలేదంట. కొందరు నిజంగానే దూరమవుతారు. బాధే.

ఇక లెక్క, ఆ 30 సెకన్లు. నాకు ఈ రెండూ ఒకేచోట దొరికాయి, నేను వెతకనిచోట. మా మేనమామది మోటార్ వైండింగ్ షాపు. పొలాల మోటార్లు కాలిపోతే తెస్తారు, పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ అచ్చు మీద చుట్టి కాయిల్ చెయ్యాలి. ఎన్ని చుట్లో లెక్క తప్పకూడదు, తప్పితే విప్పి మళ్లీ మొదట్నుంచి. ఒకరోజు ఊరికే కూర్చున్నవాడికి చేతికిచ్చాడు. మొదటిరోజు 20 చుట్లకే లెక్క పోయింది, తల వేడెక్కింది, లేచి బయటికొచ్చేశా. ఆయనేం అన్లేదు. మర్నాడు 25. నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టా. రెండో నెలలో ఒకరోజు ఒక కాయిల్ మొత్తం తప్పు లేకుండా అయింది, తలెత్తి చూస్తే వీధిలైట్లు వెలిగున్నాయి, ఆ అరగంటా నా తల గురించి గానీ ఆట గురించి గానీ ఒక్కసారి గుర్తురాలేదు. కూతకెళ్లినప్పుడు ఉండే నిశ్శబ్దం అది. వార్నిష్ వాసన పడక ఆ పని మాత్రం మావయ్యే చేసేవాడు, నేను వాకిట్లో కూర్చునేవాణ్ని.

మీకు వైండింగ్ నచ్చాలని లేదు. వెతకాల్సిన గుర్తులు మాత్రం ఇవి: చేతులతో చేసేది, ఎంత చేశామో కొలిచేది, తప్పితే తెలిసేది, రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టగలిగేది. కుట్టుమిషను, నర్సరీ మొక్కలు, వంట, తబలా, చెక్కపని, ఏదైనా. ఒక హాకీ గోల్‌కీపర్ అమ్మాయి, తల బాగా కుదుటపడ్డాక, చూపులేని పిల్లలకి పరీక్షల్లో స్క్రైబ్‌గా వెళ్తోంది, వాళ్లు చెప్తుంటే తను రాస్తుంది. మూడు గంటలు తను లేకపోతే ఆ పిల్లకి పరీక్ష లేదు కదా, గోల్ ముందు నిలబడ్డట్టే ఉంటుంది అంది.

మూడు వారాలు చేసినా ఏ రోజూ పది నిమిషాలు టైం మర్చిపోయి చెయ్యలేకపోతే దాన్ని వదిలేసి ఇంకోటి చూడండి, ఓడిపోయినట్టేం కాదు.

7. బతుకుతెరువు సంగతి

ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే, అయినా 7లో పెట్టా, ఎందుకంటే తల కుదుటపడకుండా దీంట్లో దిగితే రెండూ చెడతాయి.

ఆ సర్టిఫికెట్ల ఫైల్ ఇప్పుడు తియ్యండి. ఆడటం మానేసినా ఆడిన రికార్డు పోదు. స్పోర్ట్స్ కోటాకి ఏ స్థాయి టోర్నమెంట్లు లెక్కలోకొస్తాయి, ఎన్నేళ్ల లోపువి కావాలి అన్నది ఒక్కో నోటిఫికేషన్‌కి ఒక్కోలా ఉంటుంది, జిల్లా స్పోర్ట్స్ ఆఫీసులో నేరుగా అడగండి. ఏజెంట్‌కి రూపాయి ఇవ్వకండి.

పీఈటీ, అంటే బళ్లో ఆటల టీచర్ అవ్వాలంటే బీపీఎడ్, డీపీఎడ్ కోర్సులున్నాయి, వాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీఈసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. కోచ్ అవ్వాలంటే పంజాబ్‌లోని పాటియాలాలో ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ కోర్సులున్నాయి. కానీ పీఈసెట్‌లో ఒంటి పరీక్షలుంటాయి, పరుగు, జంప్, ఆట నైపుణ్యం. మీ డాక్టర్‌ని అడక్కుండా ఫీజు కట్టొద్దు. పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి కూడా ఇదే మాట.

రిఫరీ, స్కోరర్, టోర్నమెంట్ పనులు కూడా మంచి దారే. రిఫరీకి మాత్రం విజిల్ శబ్దం, జనం అరుపులు, ఫ్లడ్‌లైట్లు, మూడూ ఒకేసారి ఉంటాయి. ముందు స్కోరు బల్ల దగ్గర ఒక మ్యాచ్ కూర్చుని, 2లో చెప్పిన మార్కులు వేసి చూసుకోండి.

8. గ్రౌండ్‌కి తిరిగెళ్లాలనుకుంటే

అందరూ వెళ్లక్కర్లేదు, అసలు వెళ్లకుండా హాయిగా ఉన్నవాళ్లున్నారు. వెళ్లాలనుకుంటే, కూత విన్నా ఒళ్లు స్థిమితంగా ఉందనిపించాకే వెళ్లండి. నాకు 14 నెలలు పట్టింది.

నారీ కాంట్రాక్టర్ గారి సంగతి కొంతమందికే తెలుసు. మన క్రికెట్ కెప్టెన్‌గా ఉండగా 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకి తగిలి పుర్రె చిట్లింది, ఆపరేషన్లు చేశారు, వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ ఆయన కోసం రక్తమిచ్చాడు. ఆయన మళ్లీ టెస్ట్ ఆడలేదు, తర్వాత కుర్రాళ్లకి కోచింగ్ ఇచ్చారు. ఆ రోజుల్లో హెల్మెట్టే లేదు. క్రికెట్‌లో తలదెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ని దింపే కంకషన్ సబ్‌స్టిట్యూట్ రూల్ ఐసీసీ తెచ్చింది 2019లో. ఆ ఏడే లార్డ్స్‌లో ఆస్ట్రేలియా తరఫున స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ దిగాడు. అంత పెద్ద ఆటకే అన్నేళ్లు పట్టింది, మన ఊరి టోర్నమెంట్లకి ఎవరు తెస్తారు? మీరే తేవచ్చు. తలదెబ్బంటే ఏంటో ఆ గ్రౌండ్‌లో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

నేను వారానికి మూడు సాయంత్రాలు స్కూల్ ఆడపిల్లలకి కాళ్ల కదలిక నేర్పుతా, మ్యాట్ బయట నిలబడి, పట్లు వేరే కోచ్ చూస్తారు. సంక్రాంతి కమిటీ వాళ్లని బతిమాలి ఒక రూల్ పెట్టించా: తలకి దెబ్బ తగిలి తికమకపడ్డవాడికి ఆ రోజు ఆట లేదు. పోయినేడు సెమీస్‌లో ఒక కుర్రాడు ఇద్దరి మధ్య నలిగి లేచాడు, స్కోరెంత అని అడిగితే ముందు మ్యాచ్ స్కోరు చెప్పాడు. బయటికి పిలిచా. వాడు తిట్టాడు, వాళ్ల ఊరివాళ్లు మీదికొచ్చారు, టీమ్ ఓడిపోయింది కూడా. వాడి పక్కనే నీళ్ల బాటిల్ పట్టుకుని కూర్చున్నా. అరగంటలో అదే ప్రశ్న నన్ను మూడుసార్లు అడిగాడు, అన్నా మనం గెలిచామా అని. అప్పుడు వాళ్ల బాబాయ్‌కి అర్థమై ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నెలన్నర తర్వాత, డాక్టర్ సరేనన్నాక, మళ్లీ ఆడుతున్నాడు.

ఎక్కువమంది చేసే తప్పులు

ఆఖరి మ్యాచ్ ఒక్కటి ఆడి మానేస్తా అనడం. ఇది అన్నిటికన్నా పెద్దది. ముందు దెబ్బ మానకుండానే ఇంకోటి తగిలితే మెదడు వాచి ప్రాణం పోయిన కేసులున్నాయి, అరుదే, కానీ ఆ అరుదు మీరే కావచ్చు. వీడ్కోలు కావాలంటే జెర్సీ వేసుకుని టాస్‌కి వెళ్లండి, ఫొటో దిగండి, బయటికి రండి.

రాత్రుళ్లు పాత మ్యాచ్ వీడియోలు చూడటం. పగలు, ఎవరితోనైనా కలిసి చూడండి, పర్లేదు.

మీ జాగాలో దిగినవాణ్ని ద్వేషించడం. నేను చేశా, నెలలపాటు. వాడి తప్పేం లేదు, ఈ మధ్యే వాడితో చెప్పా కూడా.

తలకి తగలకుండా ఆడతాగా అని కాంటాక్ట్ ఉన్న ఇంకో ఆటలోకి మారడం.

ఇంట్లోవాళ్లు చేసే తప్పు ఒకటుంది, ఆట మాటే ఇంట్లో రాకుండా చెయ్యడం, కప్పులన్నీ అటకెక్కించడం. అమ్మలారా, అది చెయ్యకండి, వాడు బతికిన ఏళ్లు అవి. వాడు చెప్తే వినండి.

పని చేస్తుందో లేదో చూసుకోవడం

ప్రతి ఆదివారం నోట్‌బుక్‌లో ఈ ఐదింటికి అవును కాదు రాయండి.

ఈ వారం తలనొప్పి మార్కులు పోయిన నెలకంటే తగ్గాయా?
సాయంత్రం ఆ గంట గడవడం తేలికైందా?
ఏదైనా పనిలో టైం మర్చిపోయానా, పది నిమిషాలైనా?
నేను రాకపోతే ఆగిపోయే పని, నా కోసం చూసే మనిషి ఎవరైనా ఉన్నారా?
ఎవరైనా "ఏం చేస్తుంటావు" అంటే "ఒకప్పుడు ఆడేవాణ్ని" అని కాకుండా ఇప్పుడు చేసేది ముందు చెప్పానా?

ఒక్కో వారం అన్నీ "కాదు" అవుతాయి, ముఖ్యంగా టోర్నమెంట్ల సీజన్‌లో, సంక్రాంతి దగ్గరికొస్తే నాకు ఇప్పటికీ రెండు "అవును"లు పోతాయి. ఒక వారం చూసి భయపడకండి, నాలుగు వారాలు కలిపి చూడండి. మూడు నెలలకి కనీసం రెండు "అవును"లు నిలబడితే సరిగా వెళ్తున్నట్టే. మొదటిది ఒక్కటే కదలకపోతే అది తల సంగతి, ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్లండి, వారం వారం మార్కులు చూస్తే ఆయనకీ పని తేలిక. మిగతావి కదలకపోతే 5కి వెళ్లి లిస్టు మళ్లీ రాయండి, మొదటిసారి అందరం ఏదో ఒకటి వదిలేస్తాం. నేను రెండోసారి రాసినప్పుడు ఒక లైను కలిసింది, పొద్దున్నే గ్రౌండ్ తడపడం, బకెట్‌తో. ఇప్పుడు షాపు ముందు వాకిలి నేనే తడుపుతున్నా.